లెబానోను ఊరి గవర్నరు, ఆయన ఇంటివారు



మొదటి సమూయేలు గ్రంథము ఎనిమిదవ అధ్యాయము చదువునప్పుడెల్ల మనకు మనస్సులో కొంత నొప్పి కలుగును. సమూయేలు బాల్యము మొదలుకొని ఎవరి యెద్దునైనను తీసికొననివాడు, లంచమునకు చేయి చాపనివాడు. అట్టివాడు ముసలితనమందు తన కుమారులను న్యాయాధిపతులనుగా నియమించెను. వారు తండ్రి త్రోవను విడిచి ధనాపేక్షలో పడిరి. ఆ సంగతిని ఇశ్రాయేలు పెద్దలు వచ్చి ముసలివాని ముఖముననే చెప్పవలసి వచ్చెను. అంతకు ముందు ఏలీ యింటను అట్లే జరిగెను. తండ్రి చేతిలోని అధికారము కొడుకు చేతికి వచ్చుట ఆ యింటికి దీవెనయా, శోధనయా? ఈ ప్రశ్న మనస్సులో నుంచుకొని ఈ నెల మేము ఒక అమెరికా దేశస్థుని చరిత్ర చెప్పదలచితిమి. ఆయన గవర్నరు. ఆయన కుమారుడు గవర్నరు. ఆయన మనుమడును గవర్నరే.

ఆయన పేరు జోనాతన్ ట్రంబుల్. మన బైబిలులో యోనాతాను అని వ్రాయబడిన పేరే అది. ఆయన ఊరి పేరు లెబానోను. కనెక్టికట్ అను చిన్న రాష్ట్రములో తూర్పు భాగమున నున్న పల్లెటూరు. అక్కడి దేవదారు చెట్లను చూచి తొలి కాపురస్థులు బైబిలులోని పేరు పెట్టుకొనిరి. 1710 అక్టోబరు 12వ తేదీన ఆ ఊరిలో జోనాతన్ జన్మించెను. తల్లి పేరు హన్నా. తండ్రి యోసేపు పొలము దున్నుచు, పశువులను కొని బోస్టను పట్టణమునకు తోలించి అమ్ముచు నాలుగు డబ్బులు వెనుక వేసినవాడు, చదువు అంతంతమాత్రమే. ఆయన చిన్న కుమారుడైన జోనాతనును హార్వర్డు కళాశాలకు పంపెను. పెద్ద కుమారుడు వ్యాపారమునకు, చిన్నవాడు దేవుని సేవకు అని ఆయన ఏర్పాటు. ఇట్టి ఏర్పాట్లు చేసికొనిన తండ్రులు మన సంఘములలోను కొందరు గలరు.

జోనాతన్ 1727లో పట్టము పొంది ఊరికి వచ్చి, లెబానోను సంఘకాపరియైన సొలొమోను విలియమ్స్ గారి యొద్ద వేదాంతము చదివెను. బోధించుటకు అనుమతియు పొందెను. ఇక ఏదో ఒక సంఘమునకు కాపరి కావలసినదే. ఇంతలో అన్న యోసేపు వ్యాపారము మీద ఓడ యెక్కి వెళ్లి 1732 ప్రాంతమున సముద్రములో తప్పిపోయెను. శవము కూడ దొరకలేదు. తండ్రికి ప్రాయము మళ్లినది. అంగడి, పశువుల బేరము, బాకీల పుస్తకములు చూచువారు లేరు. చిన్నవాడు ప్రసంగవేదిక విడిచి అంగడిలో కూర్చుండెను.

దేవుని పిలుపును విడిచెనని ఆయనను తప్పుపట్టువారు ఉండవచ్చును. మేము పట్టము. ముసలి తండ్రిని నడిసముద్రములో విడిచిపెట్టి ప్రసంగము చేయుట ఎట్టి ప్రసంగమగును?

1735 డిసెంబరులో ఆయన డక్స్‌బరీ సంఘకాపరి జాన్ రాబిన్సన్ గారి కుమార్తెను వివాహమాడెను. ఆమె పేరు ఫెయిత్, అనగా మన భాషలో విశ్వాసము. వారికి ఆరుగురు బిడ్డలు: యోసేపు, తండ్రి పేరే పెట్టిన జోనాతన్, తల్లి పేరే పెట్టిన ఫెయిత్, మేరీ, దావీదు, జాన్. ఈ పేర్లను చదువరులు కొంచెము గుర్తుంచుకొనవలెను. కథ అంతయు వీరితోనే యున్నది.

ఇక్కడ ఆ దేశపు పద్ధతి కొంత చెప్పనిదే ముందుకు సాగదు. తక్కిన కాలనీలలో చాలవాటికి ఇంగ్లండు రాజో, భూస్వామియో గవర్నరును పంపుచుండగా, కనెక్టికట్ వారికి 1662 నాటి రాజశాసనము వలన తమ గవర్నరును తామే ఏటేట ఎన్నుకొను హక్కు ఉండెను. ఏటేట ఎన్నిక యనగా ఏటేట క్రొత్త మనిషి వచ్చునని మనము అనుకొందుము. జరిగినది దానికి విరుద్ధము. ఒకసారి ఎన్నుకొనబడినవాడు చనిపోవువరకో, పెద్ద తప్పు చేయువరకో కదలడు. ఊరి సభలో అందరి యెదుట ఓటు వేయవలెను. అభ్యర్థుల పేర్లు పెద్దరికపు వరుసలో చదువుదురు. ఊరిలో పెద్దవాడు, సంఘములో పెద్దవాడు, న్యాయస్థానములో పెద్దవాడు ఒక్కడే యైనప్పుడు ఎదురు చేయి ఎత్తుట యెవరి తరము?

కాబట్టి ఆ రాష్ట్రములో కొన్ని యిండ్లే ఏలుచు వచ్చినవి. ఒక్క వోల్కాట్ వారి యింటిని చూడుడి. రోజర్ వోల్కాట్ 1750 నుండి 1754 వరకు గవర్నరు. ఆయన కుమార్తె అర్సులాను చేసికొనిన అల్లుడు మాథ్యూ గ్రిస్వోల్డ్ 1784లో గవర్నరాయెను. కుమారుడు ఆలివర్ 1796లో ఆయెను. కుమార్తె కొడుకు రోజర్ గ్రిస్వోల్డ్ 1811లోను, కొడుకు కొడుకు రెండవ ఆలివర్ 1817లోను ఆయిరి. తండ్రి, కొడుకు, అల్లుడు, ఇద్దరు మనుమలు, ఐదుగురు గవర్నరులు! వారి పెండ్లి పత్రికలు ఒకచోట పేర్చిన రాష్ట్ర చరిత్ర సగము తెలియునని మాకు అనిపించును.

ట్రంబుల్ వారు ఈ వరుసలోనికి మెల్లగా వచ్చినవారు. జోనాతన్ 1733లో శాసనసభకు వెళ్లెను, 1739లో సభాధ్యక్షుడు, మరుసటి యేట గవర్నరు ఆలోచన సభలో సభ్యుడు. వ్యాపారము పెరిగెను. సొంత ఓడలు, ఇంగ్లండు వర్తకులతో లావాదేవీలు. పెద్ద కుమారుడు యోసేపు భాగస్థుడాయెను. కాని ఓడలు కొన్ని మునిగెను, అరువు ఇచ్చినచోట్ల సొమ్ము రాలేదు, 1766 నాటికి వ్యాపారము దివాలా తీసెను. లండను వర్తకులకు తీర్చవలసిన బాకీ మెడమీద కూర్చుండెను.

సరిగా ఆ కాలముననే ప్రజలు ఆయనను పైకి తీసికొనిరి. 1765లో ఇంగ్లండు పార్లమెంటు స్టాంపు పన్ను విధించినప్పుడు, దానిని అమలు జరుపుదునని గవర్నరు ఫిచ్ ప్రమాణము చేయవలసి వచ్చెను. ఆలోచన సభవారు సాక్షులుగా నిలువవలెను. ట్రంబుల్ గారును మరికొందరును ఆ ప్రమాణమును కన్నులార చూచుటకైనను ఒప్పుకొనక లేచి గది విడిచి వెళ్లిరి. మరుసటి యేట ప్రజలు ఫిచ్‌ను దించి విలియం పిట్కిన్‌ను గవర్నరుగాను, ట్రంబుల్‌ను ఉపగవర్నరుగాను ఎన్నుకొనిరి. 1769 అక్టోబరులో పిట్కిన్ చనిపోగా ట్రంబుల్ గవర్నరాయెను. బాకీదారుడైన మనిషి చేతిలో ప్రజలు రాష్ట్రమును పెట్టిరి. ఆయన పదునైదు సంవత్సరములు దానిని విడువలేదు.

1775లో యుద్ధము మొదలైనప్పుడు, పదమూడు కాలనీల గవర్నరులలో దేశప్రజల పక్షమున నిలిచినవాడు ఈయన ఒక్కడే. తన యింటి ప్రక్కనున్న పాత అంగడినే ఆయన యుద్ధ కార్యాలయముగా మార్చెను. రక్షణ సంఘము ఆ చిన్న కొయ్య యింటిలో ఆ యుద్ధకాలమున వెయ్యిసార్లకు పైగా కూడెను. ఆ యిల్లు నేటికిని లెబానోనులో నిలిచియున్నది.

ఆయన చేసిన ముఖ్యమైన పని యుద్ధము కాదు, అన్నము. తండ్రి యొద్ద నేర్చిన పశువుల బేరము ఇప్పుడు పనికి వచ్చెను. ఏ ఊరిలో ఎన్ని యెద్దులున్నవో, మాంసమును ఉప్పులో ఎట్లు నిలువచేయవలెనో, పీపాలు ఎవరు చేయుదురో, ఏ త్రోవ వర్షమునకు తెగునో ఆయనకు తెలియును. 1778 చలికాలములో వ్యాలీ ఫోర్జి అనుచోట వాషింగ్టను సైన్యము ఆకలితో నుండగా, కనెక్టికట్ నుండి పశువుల మందలను మంచులో నడిపించి పంపిరి. ఆ శిబిరములో ఆకలితోనున్న దళాధిపతులలో ఒకడు జెదెదయా హంటింగ్టన్, గవర్నరు గారి పెద్దల్లుడు. మామగారి రాష్ట్రమునుండి వచ్చిన పశువులు అల్లుని శిబిరమునకు చేరినవి.

ఇప్పుడు ఆ యింటివారి సంగతి. పెద్ద కుమారుడు యోసేపు సైన్యమంతటికి ఆహార సరఫరా అధికారిగా 1775లో నియమింపబడెను. ఆ పదవి పొందినవారిలో మొదటివాడు ఆయనే. రెండవవాడు చిన్న జోనాతన్ ఉత్తర సైన్యమునకు జీతముల అధికారి, పిమ్మట 1781 నుండి వాషింగ్టనుకు కార్యదర్శి. దావీదు లెబానోనులోనే యుండి సరఫరా పనిలో సహాయకుడు. కడసారి బిడ్డ జాన్ సైన్యములో ఉద్యోగి. చిన్నల్లుడు విలియం విలియమ్స్ రక్షణ సంఘములో సభ్యుడు, 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకము చేసినవాడు. ఈ విలియమ్స్ ఎవరనుకొందురు? గవర్నరు గారికి వేదాంతము నేర్పిన సొలొమోను కాపరి గారి కుమారుడే. గురువు కొడుకు అల్లుడాయెను.

ఒకే యింటిలో ఇన్ని పదవులా అని చదువరులు అడుగవచ్చును. ఆ కాలపువారును అడిగిరి. గవర్నరు శత్రువులతో దొంగచాటు వ్యాపారము చేయుచున్నాడని కూడ పుకారు లేచెను. ముసలివాడు ఏమి చేసెను? 1782లో తానే శాసనసభకు వ్రాసి, నా మీద విచారణ జరుపుడని కోరెను. సభవారు విచారించి ఆ నింద నిజము కాదనిరి. సమూయేలు కూడ ప్రజల యెదుట నిలిచి నేనెవని యెద్దును తీసికొంటినని అడిగెను గదా. అయినను మా అభిప్రాయము మేము దాచము. ఆ యింటివారు దొంగలు కారు గాని, ఒకే బల్లచుట్టు మామయు అల్లుడును కూర్చుండి సైన్యపు సరఫరా మాటలాడుట మంచి పద్ధతి కాదు. నిజాయితీగల యింటిలో ఆ పద్ధతి గడచిపోయినది. అందరి యిండ్లు అట్టివి కావు.

ఆ యిల్లు ఆ పదవులకు చెల్లించిన వెల ఎంతో ఇప్పుడు చెప్పవలెను.

1775 జూనులో కుమార్తె ఫెయిత్, బోస్టను చెంత సైన్యములో నున్న తనవారిని చూడవలెనని బయలుదేరెను. యుద్ధమనగా ఆమెకు జెండాలు, డోళ్లు, క్రొత్త అంగీలు. వారు చేరిన దినములలోనే, జూను 17న బంకర్ హిల్ యుద్ధము జరిగెను. దూరమునుండియే ఆమె ఆ ఫిరంగుల ధ్వని వినెను, చార్లెస్‌టౌను కాలు మంటలను చూచెను. తన తమ్ముడును, భర్తయు చేయబోవు పని ఇదియేనని ఆమెకు అప్పుడు తెలిసెను. ఆమె మనస్సు ఆ దినముతో చెదరెను. వైద్యులు చూచిరి, బంధువులు కనిపెట్టుకొనియుండిరి, తండ్రి ప్రార్థించెను. నవంబరు 24న, ముప్పది రెండేండ్ల ప్రాయమున, ఆమె తన ప్రాణమును తానే తీసికొనెను. చిన్న కుమారుడొకడు తల్లిలేనివాడాయెను.

మన సంఘములలో ఇట్టి మరణము జరిగినప్పుడు కొందరు గుసగుసలాడుదురు, కొందరు సమాధికి రాకపోదురు. మేము కాపరిగా అట్టి గుమ్మముల యెదుట నిలిచితిమి, ఏమి చెప్పుటకును మాట రాలేదు. యుద్ధములో గాయపడినవాని కాలు అందరికిని కనబడును. ఫెయిత్ గాయము కనబడలేదు. అంతే భేదము. గవర్నరు ఆ మరణ వార్త విన్న పిదపయు రక్షణ సంఘము కూటములను నడుపుచునే యుండెను. ఎట్లు నడిపెనో ఆయనకే తెలియును.

తరువాత యోసేపు. సైన్యమునకు తిండి పెట్టుట, కాంగ్రెసువారితో జగడమాడుట ఆయన ఆరోగ్యమును తినివేసెను. 1777లో పదవి విడిచి ఇంటికి వచ్చి, 1778 జూలైలో నలుబది ఒక్క యేండ్ల ప్రాయమున చనిపోయెను. లెక్కలు తేలకుండగనే పోయెను. సైనికుల రొట్టెలు లెక్కించినవాని సొంత లెక్క తీర్చుటకు ముసలి తండ్రి ఆ పిదప పాటుపడవలసి వచ్చెను. లెబానోను స్మశానములోని కుటుంబపు సమాధి గదిలో మొదట ఉంచబడినవాడు ఈ పెద్ద కొడుకే.

1780 మే నెలలో భార్యయు పోయెను. ఆమెను గురించి ఒక కథ చెప్పుదురు. ఆరాధనలో సైనికుల కొరకు కానుక పట్టునప్పుడు ఆమె లేచి తన భుజము మీది ఎర్రని పైవస్త్రమును తీసి ముందు పెట్టెనని, అది ఫ్రెంచి సేనాపతి రోషాంబో ఇచ్చిన బహుమానమని. రోషాంబో అమెరికాలో దిగినది ఆ యేటి జూలైలో. అప్పటికి ఆమె సమాధిలో నున్నది. కాబట్టి సేనాపతి మాట నిజము కాదు. ఆమె పైవస్త్రము ఇచ్చినమాట నిజమేమో. ఏ బహుమానమును కాని సొంత వస్త్రమే యైన ఆ కానుక విలువ తగ్గునా? అట్లే అమెరికనులను బ్రదర్ జోనాతన్ అని పిలుచు వాడుక ఈయనను బట్టియే పుట్టెనని చాలమంది వ్రాసిరి. దానికిని తగిన ఆధారము లేదు. పెద్దలను గౌరవించుటకు కట్టుకథలు అక్కరలేదు.

అదే యేట నవంబరులో కడసారివాడైన జాన్ లండనులో చెరసాలలో పడెను. చిత్రలేఖనము నేర్చుకొనుటకు వెళ్లినవానిని, శత్రు గవర్నరు కొడుకని పట్టుకొని సుమారు ఏడు నెలలు ఉంచిరి. ఈ జాన్ విషయములో తండ్రికి ఎన్నడును తృప్తి లేదు. చిన్నతనములో పడి ఒక కన్ను చూపు పోగొట్టుకొనినవాడు. అయినను బొమ్మలు గీయుదునని పట్టుపట్టెను. తండ్రి న్యాయవాదివి కమ్ము, లేదా కాపరివి కమ్మనెను. ప్రాచీన ఏథెన్సులో చిత్రకారులకెంత గౌరవముండెనో కొడుకు పెద్ద ఉపన్యాసము చేయగా, కనెక్టికట్ ఏథెన్సు కాదని మాత్రము గుర్తుచేసి తండ్రి వెళ్లిపోయెను.

యుద్ధము ముగిసినది. ప్రజలు అలసిరి. గవర్నరు మీద కృతజ్ఞతయు తగ్గినది. కడపటి సంవత్సరములలో సగమునకు మించిన ఓట్లు రాక, శాసనసభయే ఆయనను ఎన్నుకొనవలసి వచ్చెను. 1783లో, ఇక నన్ను ఎన్నుకొనవద్దని ఆయన తెలియజేసి, 1784 మే నెలలో దిగిపోయెను. ఆ కడపటి నెలలలోనే, 1784లో, ఆ రాష్ట్రము బానిసత్వమును కొంచెము కొంచెముగా తీసివేయు చట్టము చేసెను. అది అప్పటికే బానిసలైనవారిని విడిపించలేదు. మార్చి 1 తరువాత పుట్టు బిడ్డలు ఇరువది యైదవ యేట స్వతంత్రులగుదురట. అంతగా స్వాతంత్ర్యము కొరకు పోరాడినవారు పొరుగువానికి దానిని అంత లెక్కపెట్టి ఇచ్చుట మాకు దుఃఖము కలిగించును. అట్లే, లెబానోను ఉత్తరపు సంఘములో వీలాక్ కాపరి గారు స్థానిక జాతుల పిల్లలకొరకు నడిపిన పాఠశాలయు, ఆయన యొద్ద చదివి గొప్ప బోధకుడైన మోహెగన్ జాతివాడు సాంసన్ ఆకం కథయు మన మిషను చరిత్రలలో సంతోషముగా చెప్పుకొందుము. కాని ఆ మోహెగనుల భూముల వ్యాజ్యెము కాలనీకే అనుకూలముగా ముగిసినది ట్రంబుల్ గారు గవర్నరుగా నున్నప్పుడే. ఇదియు చరిత్రయే.

పదవి దిగిన ముసలివాడు యాబది యేండ్ల క్రిందట మూసిన పుస్తకములను మరల తెరచెను. వేదాంతము, హెబ్రీ భాష, లేఖనముల పరిశోధన. అన్న ఓడ మునుగకున్న ఆయన చేయవలసిన పని అదియే గదా. ఏడాది పైచిలుకు మాత్రమే ఆ భాగ్యము దొరికెను. 1785 ఆగస్టు 17న జ్వరముతో, డెబ్బది నాలుగేండ్ల ప్రాయమున నిద్రించెను.

ఆయన పిదప చిన్న జోనాతన్ దేశపు ప్రతినిధుల సభకు వెళ్లి 1791 నుండి 1793 వరకు దాని అధ్యక్షుడుగా నుండెను. 1797 డిసెంబరులో గవర్నరు ఆలివర్ వోల్కాట్ చనిపోగా, ఉపగవర్నరైన ఈయన గవర్నరాయెను. 1809 ఆగస్టులో చనిపోవువరకు ప్రజలు ఆయననే ఎన్నుకొనిరి. రాజు పన్నుకు తండ్రి ఎదురు నిలిచినట్లే, అధ్యక్షుడు జెఫర్సన్ ఓడల రాకపోకలు నిలిపివేసిన చట్టమునకు సైన్యసహాయము ఇయ్యనని కుమారుడు 1809లో ఎదురు నిలిచెను. లంచము తినెనని ఆయనను ఎవరును అనలేదు. ఆ విధముగా సమూయేలుకు దొరకనిది ట్రంబుల్ గారికి దొరికెను. అయితే ఆ యేలుబడిలోనే బాప్టిస్టులు మొదలైన చిన్న సంఘములవారు, ప్రభుత్వ సంఘమునకు పన్ను కట్టకుండుటకు పత్రములు చూపించుకొనవలసి యుండెను. డాన్‌బరీ బాప్టిస్టులు 1801లో జెఫర్సనుకు మొరపెట్టుకొనిరి. గవర్నరు భక్తిగలవాడే. కాని తన భక్తికి పొరుగువాడు పన్ను కట్టుట తప్పని ఆ పెద్ద యిండ్లవారికి చాలకాలము తోచలేదు. 1818లో క్రొత్త రాజ్యాంగము ఆ పద్ధతిని తీసివేసెను. విచిత్రమేమనగా, ఆ రాజ్యాంగ సభకు అధ్యక్షుడు పాత యిండ్లలోని రెండవ ఆలివర్ వోల్కాటే.

దావీదు కుమారుడైన యోసేపు 1849లో ఒక్క యేడు గవర్నరుగా నుండెను. ఆ యింటినుండి వచ్చిన మూడవ గవర్నరు ఈయన.

ఇక తండ్రి మాట వినని జాన్. దేశమంతయు ఆ యింటివారి ముఖములను ఎరుగుట అతని కుంచె వలననే. స్వాతంత్ర్య ప్రకటన గూర్చి అతడు వ్రాసిన గొప్ప పటము 1826లో వాషింగ్టను నగరపు కాపిటల్ భవనములో పెట్టబడెను. అందులో బావ విలియమ్స్ కూడ కనబడును. కాని యుద్ధ పటములలో అతడు మొట్టమొదట పూర్తిచేసినది అది కాదు. 1775 జూను 17న రాక్స్‌బరీ శిబిరములో నిలిచి తాను దూరమునుండి చూచిన యుద్ధమును, తన అక్క మనస్సును తీసికొనిపోయిన ఆ బంకర్ హిల్‌ను, అతడు లండనులో కూర్చుండి వ్రాసెను. ఆ పటము 1786 ఆరంభమున ముగిసెను. తండ్రి చనిపోయి అప్పటికి ఏడాది నిండలేదు.